పాత ఇల్లు కొన్నాం: తాళాలే మార్చాలా, చెవులు మార్పిస్తే చాలా?

శారద_కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. మేం ఒక పాత ఇల్లు కొన్నాం, ఇంకో పది రోజుల్లో దిగాలి. ముందు తలుపు, వెనక తలుపు, పక్క వరండాలోకి తెరుచుకునే తలుపు, మొత్తం మూడు. అమ్మినవాళ్లు ఒక్కో తలుపుకి రెండేసి చెవులు ఇచ్చి "ఇవేనండి, ఇంకేం లేవు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. కానీ అంతకుముందు ఆ ఇంట్లో ఇద్దరు ముగ్గురు అద్దెకున్నారట, రంగులు వేసినవాళ్లు, పనికి వచ్చినవాళ్లు, వాళ్లలో ఎవరి దగ్గర ఏ చెవి ఉండిపోయిందో అమ్మినవాళ్లకే తెలిసి ఉండదు. రాత్రి పడుకుంటే ఇదే ఆలోచన. మా ఆయన మూడూ పీకేసి కొత్తవి పెట్టిద్దాం అంటున్నారు. మా తమ్ముడేమో తాళం బాగానే ఉంది కదా, లోపలి పిన్నులు మార్పించి కొత్త చెవి చేయించుకుంటే చాలు, దాన్ని రీకీ అంటారు అంటున్నాడు.

ముందు తలుపు తాళం బిగుసుకుపోయింది, తలుపుని గట్టిగా లాగి పట్టుకుంటే తప్ప చెవి తిరగదు. వెనక తలుపుకి గుండ్రటి పిడి, పిడి మధ్యలోనే చెవి రంధ్రం, వేరే గడియ లేదు. పక్క తలుపుకి పొడుగు హ్యాండిల్, దాని కింద తాళం. చెవుల ఫోటో కింద పెడుతున్నా, తెలిసినవాళ్లు చూసి చెప్పండి.

నిశ్చింత:
మూడూ మార్చేయండి. పాతవాటి మీద ఆలోచన పెట్టుకోవడం దేనికి, ఒక్కసారి ఖర్చు, తర్వాత హాయిగా నిద్ర.

తాళాలమేస్త్రి:
శారద గారూ, ముందు ఆ ఫోటో తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. చెవి మీద ఉన్న గాట్ల లోతే దాని రహస్యం అంతా. పనితెలిసినవాడికి ఫోటో చూస్తే ఆ లోతులు అంకెల్లో రాసుకోవచ్చు, ఆ అంకెలతో అసలు చెవి చేతిలో లేకుండానే ఇంకోటి కోయచ్చు. కొన్ని చెవుల మీద చిన్నగా నంబరు కూడా కొట్టి ఉంటుంది, అది కనబడితే గాట్లు చదివే పని కూడా ఉండకపోవచ్చు.

పాతకాలం:
మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని చేసి చూపించారు. దాదాపు 60 మీటర్ల దూరం నుంచి, ఎత్తు మీద కెమెరా పెట్టి, బల్ల మీద పడేసిన తాళంచెవులను ఫోటో తీసి, కంప్యూటర్‌తో గాట్ల లోతులు లెక్కగట్టారు. పక్కనుంచి వంకరగా తీసిన ఫోటో కూడా సరిపోయింది. కొత్త ఇల్లు కొన్న సంతోషంలో చెవి చేత్తో పట్టుకుని ఫోటో పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

శారద_కొత్తిల్లు:
తీసేశానండి. నాకు అస్సలు తెలియదు. రెండు నిమిషాలే ఉంది కానీ గుండె దడగా ఉంది.

తాళాలమేస్త్రి:
కంగారు పడకండి, ఎలాగూ ఆ చెవులు ఇక పనిచేయకుండా చేయబోతున్నాం కదా. ఇప్పుడు అసలు విషయం చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మామూలు సిలిండర్ తాళం లోపల మధ్యలో ఇత్తడి గొట్టం లాంటిది ఉంటుంది, ప్లగ్ అంటాం, చెవి పెడితే తిరిగేది అదే. దాని చుట్టూ బయటి ఒర. పైనుంచి కిందకి 5 గానీ 6 గానీ సన్నటి రంధ్రాలు, ఒక్కోదాంట్లో రెండు పిన్నులు, పైన స్ప్రింగ్. కింది పిన్నులు ఒక్కోటి ఒక్కో పొడుగు. సరైన చెవి పెడితే ఆ గాట్లు కింది పిన్నులను సరిగ్గా ఎంత లేపాలో అంతే లేపుతాయి, అప్పుడు పై పిన్నుకీ కింది పిన్నుకీ మధ్య అతుకు ప్లగ్ అంచుతో సమానంగా వస్తుంది, ప్లగ్ తిరుగుతుంది. ఒక్క పిన్ను కొంచెం ఎక్కువ లేచినా తక్కువ లేచినా అడ్డుపడుతుంది. అంతే, ఇందులో ఇంకేం మాయ లేదు. రీకీ అంటే ప్లగ్ బయటికి తీసి, ఆ కింది పిన్నులను వేరే పొడుగువాటితో మార్చి, వాటికి సరిపోయే కొత్త చెవి కోయడం. పాత చెవి లోపలికి వెళ్తుంది కానీ తిరగదు. చేయి తిరిగినవాడికి ఒక్కో తాళానికి పావుగంట పని.

కాబట్టి రీకీ చేస్తే మారేది ఒక్కటే, ఆ తాళాన్ని చెవితో ఎవరు తీయగలరు అన్నది. తాళం ఎంత గట్టిది, గడియ ఎంత లోతుకి వెళ్తుంది, లోపలి భాగాలు ఎంత అరిగాయి, ఇవేవీ మారవు. కొత్త తాళం పెడితే రెండూ మారతాయి, కానీ రెండోది మారాల్సిన అవసరం ఉందా లేదా అన్నది తలుపు తలుపుకీ విడిగా చూసుకోవాలి. మీ మూడు తలుపులకీ ఒకే జవాబు రాదని నాకు అనిపిస్తోంది.

వడ్రంగంపని:
ముందు తలుపు సంగతి నేను చెప్తాను. తాళం మీద చెయ్యి వేయకముందు ఒక పని చేయండి, తలుపు బార్లా తెరిచి పెట్టి, గాల్లోనే చెవి తిప్పి గడియ బయటికి తెప్పించండి. సాఫీగా తిరిగితే మీ తాళానికి ఏ రోగం లేదు, తలుపు వాలిపోయింది. గడియ వెళ్లి గుమ్మానికి ఉన్న రేకు అంచుకి రాసుకుంటోంది. తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుసుకుంటే అప్పుడు తాళాన్ని అనండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మంచి తాళాలు ఎన్ని పీకి పారేశారో నేను కళ్లారా చూశాను, కొత్తది పెట్టిన నెలకి అదీ బిగుసుకుంటుంది, ఎందుకంటే తలుపు అలాగే వాలి ఉంటుంది కదా.

ఇంటిపని_నేనే:
దీనికి తోడు ఇంకోటి, చెవి బిగుసుకుంటోందని కనబడిన నూనెల్లా తాళంలో పోయకండి. మొదట రెండు వారాలు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని పిన్నులు కదలవు. గ్రాఫైట్ పొడి గానీ, తాళాల కోసం అమ్మే తడి లేని స్ప్రే గానీ వాడాలి.

రెండిళ్లఓనరు:
నేను ఇళ్లు అద్దెకిస్తాను. అద్దెవాళ్లు మారిన ప్రతిసారీ రీకీ చేయిస్తాను, తాళం మార్చను. ఖాళీ చేసేవాళ్లు చెవులన్నీ ఇచ్చేశాం అంటారు, నిజాయితీగానే అంటారు, కానీ వాళ్ల బంధువుల ఇంట్లో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి ఉంటుంది, వాళ్లకే గుర్తుండదు. "నకలు తీయరాదు" అని చెవి మీద కొట్టించి ఉంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు, మామూలు రకం చెవి మీద ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన ఏ మెషినూ ఆగదు. నకలు నిజంగా ఆపాలంటే చెవి పక్కల పొడుగునా ఉండే గాడి ఆకారం మీద కంపెనీకే హక్కులున్న రకం కొనాలి. వాటికి తాళంతో పాటు ఒక కార్డు ఇస్తారు, ఆ కార్డు చూపిస్తేనే ఇంకో చెవి కోస్తారు.

శారద గారు మూడు తలుపులకీ ఒకే చెవి పెట్టించుకుంటే బాగుంటుంది కదా? మా ఇంట్లో అలాగే ఉంది.

తాళాలమేస్త్రి:
పెట్టించుకోవచ్చు, కానీ చెవి గాడి ఆకారం మూడింటికీ ఒకటే అయి ఉండాలి. ఒక కంపెనీ చెవి ఇంకో కంపెనీ రంధ్రంలోకి దూరనే దూరదు, పిన్నులు ఎన్ని మార్చినా లాభం లేదు. అందుకే కొందరు ఒకే చెవి కావాలని ఒకే కంపెనీ తాళాలు కొనుక్కుంటారు, అదీ న్యాయమైన కారణమే. సుఖం ఉంది, దానికి తగ్గ రిస్కూ ఉంది. ఆ ఒక్క చెవి పోతే మూడు తలుపులూ పోయినట్టే, మూడూ మళ్లీ రీకీ చేయాలి.

మాస్టర్ కీ మాత్రం ఇంటికి వద్దండి. ఇంటివాళ్లందరికీ వేరు వేరు చెవులు, ఒక పెద్ద చెవితో అన్నీ రావాలి అని కొందరు అడుగుతారు. అందుకోసం పిన్నుల మధ్య చిన్న బిళ్లలు వేయాలి, అంటే ఒక్కో రంధ్రంలో తాళం తెరుచుకునే స్థానాలు రెండేసి అవుతాయి. లెక్క చూడండి, 5 పిన్నులు, ఒక్కోదానికి 6 లోతులు అనుకుంటే మొత్తం 7,776 రకాల చెవులు వస్తాయి. మామూలు తాళానికి అందులో ఒక్కటే సరైనది. అదే 5 రంధ్రాల్లోనూ బిళ్లలు వేస్తే 32 చెవులు తీస్తాయి.

అజ్ఞాత_చెల్లి:
నేను ఎప్పుడూ రాయను ఇక్కడ, ఇది చదివి రాయాలనిపించింది. రెండేళ్ల కింద మేం విడిపోయాం. ఆయన వెళ్లిపోయేటప్పుడు చెవుల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్లాడు. నకలు ఉందా లేదా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మూడు వారాలు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. తర్వాత మా అక్క తాళాలు చేసే ఆయన్ని తీసుకొచ్చింది, ఆయన తాళం మార్చక్కర్లేదమ్మా అని అరగంటలో లోపల మార్చి, నా చేతికి కొత్త చెవులు ఇచ్చి, "పాత చెవితో నువ్వే తిప్పి చూడు" అన్నాడు. తిప్పాను. తిరగలేదు. నాలుగైదు సార్లు తిప్పి చూశాను. ఆ రాత్రి కుర్చీ తీసేశాను.

నా లాంటి పరిస్థితిలో ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకండి, మంచి తాళం ఏదో చదివి ఎంచుకుని కొందాంలే అని వారాలు గడపకండి. అదే రోజు రీకీ చేయించుకోండి, కొత్త తాళం సంగతి తర్వాత నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఇల్లు అద్దెదైతే ఓనరుకి చెప్పి చేయించండి. కారులో గేటు రిమోట్ ఉండిపోయిందేమో, ఫోన్‌లో తలుపు కోడ్ ఉండిపోయిందేమో కూడా చూసుకోండి.

శారద_కొత్తిల్లు:
చెల్లీ, ధైర్యంగా రాశారు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీరు బాగుండాలి.

తాళాలమేస్త్రి:
అమ్మా, ఆ మేస్త్రి మీ చేతికే చెవి ఇచ్చి తిప్పి చూడమన్నాడు చూడండి, ఆయన పని తెలిసిన మనిషి. నేను కూడా ఇంటివాళ్లు పాత చెవి తిప్పి చూసుకునేదాకా సామాను సర్దను.

కిరణ్_కోడ్:
ఇన్ని చెవుల బాధ దేనికి, అంకెల మీట ఉన్న స్మార్ట్ లాక్ పెట్టేస్తే చెవే ఉండదు కదా? కోడ్ మార్చడం ఒక్క నిమిషం.

ఇంటిపని_నేనే:
కిరణ్ గారూ, మీ లాక్ కింద ఒక చిన్న మూత ఉంటుంది చూడండి, అది జరిపితే చాలావాటికి మామూలు చెవి రంధ్రం కనబడుతుంది. బ్యాటరీ అయిపోతే తీయడానికి పెడతారు. ఆ రంధ్రానికి ఉన్న చెవి ఎవరి దగ్గరుందో అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పాత ఇంట్లో స్మార్ట్ లాక్ ముందే బిగించి ఉంటే, కోడ్ ఒక్కటి మార్చి ఊరుకోకూడదు, మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేసి పాత ఓనరు ఫోన్ ఖాతా నుంచి తీయించాలి, సిలిండర్ ఉంటే అదీ రీకీ చేయించాలి.

కిరణ్_కోడ్:
ఇది నాకు తట్టలేదు. మా దాని మూత ఇప్పుడే తీసి చూశాను, ఉంది. పెట్టెలో వచ్చిన రెండు చెవులూ ఎక్కడున్నాయో వెతకాలి.

శారద_కొత్తిల్లు:
ఇవాళ ఇంటికి వెళ్లి వచ్చాం. వడ్రంగంపని గారు చెప్పినట్టే ముందు తలుపు తెరిచి పెట్టి తిప్పాను, ఎంత తేలిగ్గా తిరిగిందో! తలుపు వేస్తే మళ్లీ బిగుసు. తలుపు పైన, గుమ్మానికీ తలుపుకీ మధ్య సందు ఒక మూల వెడల్పు, ఇంకో మూల అసలు లేదు. తాళం విప్పి చూస్తే బరువుగా ఉంది, ఇత్తడిలా ఉంది, గడియ ఒక అంగుళం దాకా బయటికి వస్తోంది. పక్క తలుపు తాళం చెవి పెట్టే మొహం పైన గుండ్రంగా, కింద సన్నగా ఉంది, హ్యాండిల్ పలక కంటే ఒక సెంటీమీటరు బయటికి పొడుచుకు వచ్చింది.

వడ్రంగంపని:
అనుకున్నదే. పై బందు స్క్రూలు వదులై ఉంటాయి, చూస్తే పొట్టివి ఉంటాయి, చెక్కలో పట్టు పోయి ఉంటుంది. పై బందులో ఒక పొట్టి స్క్రూ తీసి 75 మిల్లీమీటర్ల పొడుగుది ఎక్కించండి, చెక్క గుమ్మమైతే అది లోతుగా గట్టి చెక్కలోకి వెళ్లి తలుపుని మళ్లీ పైకి లాగుతుంది. బిగించేటప్పుడు తలుపు కింద చిన్న చెక్క ముక్క పెట్టి ఎత్తి పట్టుకోండి.

అలాగే గడియ వెళ్లి కూర్చునే రేకు ఉంది కదా గుమ్మానికి, దానికీ అవే పొడుగు స్క్రూలు. నేను ఇది పదేపదే చెప్తాను, ఎందుకంటే జనం తాళం మీద వేల ఆలోచనలు చేస్తారు, రేకు మాత్రం అరంగుళం స్క్రూలతో పలచటి చెక్కకి అంటుకుని ఉంటుంది. కాలితో తన్నితే తాళం ఏం కాదు, ఆ చెక్క చీలిపోతుంది. రేకు వెనక గడియ రంధ్రం కూడా గడియ పూర్తిగా దిగేంత లోతు ఉందో లేదో చూడండి, సగమే దిగితే తాళం వేసినట్టు కాదు.

నిశ్చింత:
ఇంత చేసినా అది పాత తాళమే కదండీ? ఎన్నేళ్లదో ఏమో. కొత్తది కొంటే గ్యారంటీ ఉంటుంది. నేను నా మాట మీదే ఉన్నాను.

తాళాలమేస్త్రి:
నిశ్చింత గారూ, పాతది అన్న ఒక్క కారణంతో మార్చడం నేను ఒప్పుకోను. పాత ఇత్తడి తాళం తీసి తేలికపాటి జింకు పోత తాళం పెడితే ఇంటి భద్రత తగ్గుతుంది, పెరగదు. చేత్తో పట్టుకుని బరువు చూడండి, దాంట్లోనే సగం తెలుస్తుంది. అయితే మీ మాటలో నిజం లేకపోలేదు. చెవి లోపల పెట్టి వదిలేస్తే దానంతటదే బయటికి జారినా, సగం బయటికి లాగిన తర్వాత కూడా తిరిగినా, వేరే తాళం చెవితో తెరుచుకున్నా, అప్పుడు లోపల అరిగిపోయింది, రీకీ డబ్బు దండగ, మార్చేయాల్సిందే. గడియ తుప్పు పట్టినా అంతే.

ఇంకో విషయం, బిగుసుకోవడానికి కారణం తాళమే కానక్కర్లేదు, చెవి కూడా కావచ్చు. నకలుకి నకలు, దానికి ఇంకో నకలు తీస్తూ పోతే ప్రతిసారీ చిన్న తేడా వస్తుంది. పిన్నుల లోతుల్లో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ తేడానే అర మిల్లీమీటరు అటూ ఇటూ. నాలుగో తరం నకలుకి ఆ తేడాలన్నీ పోగుపడతాయి. రీకీ చేస్తే కొత్త చెవి అసలు కొలతలతో కోస్తారు, ఆ బాధ కూడా పోతుంది.

పాతకాలం:
తాళం వయసు మీద ఒక మాట. మనం వాడే ఈ చదును చెవి, పిన్నుల తాళం లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో రూపం ఇచ్చినదే, లోపలి సూత్రం అప్పటినుంచి పెద్దగా మారలేదు. అంతకుముందు 1851లో లండన్ మహా ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరని పేరున్న చబ్ తాళాన్ని అరగంటలోపే చెవి లేకుండా తీశాడు. బ్రామా తాళానికైతే 16 రోజుల మీద 51 గంటలు పట్టింది, కానీ తీశాడు. తెరుచుకోని తాళం ఉందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఎంతసేపు పడుతుంది, ఎంత చప్పుడవుతుంది, అడగాల్సింది ఇది.

నలుగురంమేము:
బంప్ కీ అని వీడియోల్లో చూశాను, ప్రత్యేకంగా కోసిన చెవి పెట్టి టక్కున కొడితే తెరుచుకుంటోంది. రీకీ చేస్తే అది ఆగుతుందా?

తాళాలమేస్త్రి:
మామూలు రీకీతో ఆగదు. ఆ దెబ్బకి పై పిన్నులు ఒక్క క్షణం ఎగురుతాయి, కింది పిన్నులు ఏ పొడుగైనా ఒకటే. కానీ రీకీ చేసేటప్పుడే అడగండి, పై పిన్నుల్లో కొన్నింటిని నడుము సన్నగా ఉండే రకంతో మార్చమని, దారపు రీలు ఆకారంలో ఉంటాయి. అవి ప్లగ్ అంచున ఇరుక్కుంటాయి, చెవి లేకుండా సన్నటి ఇనప పుల్లలతో తీయడం బాగా కష్టమవుతుంది, బంపింగ్ కూడా కొంత కష్టమవుతుంది. ఎలాగూ తాళం విప్పి ఉంది, పెద్ద అదనపు పని కాదు. ఇంకా పైకి పోవాలంటే బంపింగ్ పనిచేయని రకం కొనాలి. తిరిగే పళ్లేల తాళాలు ఉంటాయి, ఫిన్లాండ్‌లో 1907లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన పద్ధతి, వాటిలో స్ప్రింగులు ఉండవు కాబట్టి కొట్టినా ఎగరడానికి ఏమీ లేదు.

ఇప్పుడు శారద గారి మిగతా రెండు తలుపులు. వెనక తలుపు రీకీ చేయించకండి, అది మార్చాల్సిందే. పిడిలోనే తాళం ఉన్న రకానికి నాలుక స్ప్రింగుతో వాలుగా ఉంటుంది, కొన్నింటిని సందులో గట్టి అట్ట దూర్చి వెనక్కి నెట్టచ్చు, పిడిని పెద్ద పానాతో పట్టుకుని తిప్పితే తాళంతో సహా ఊడుతుంది. దానికి కొత్త చెవి చేయించడం అంటే ఆ బలహీనతకి కొత్త చెవి చేయించడమే. పిడిని అలాగే ఉంచినా సరే, పైన వేరే డెడ్‌బోల్ట్, అంటే స్ప్రింగు లేకుండా తిప్పితేనే కదిలే గడియ తాళం, పెట్టించండి, గడియ కనీసం 25 మిల్లీమీటర్లు బయటికి రావాలి. కొనేముందు తలుపు మందం కొలవండి, తలుపు అంచు నుంచి రంధ్రం మధ్యకి ఎంత దూరమో కూడా. ఆ రకానికి మామూలుగా 60 గానీ 70 గానీ ఉంటుంది, కొన్నింటిలో రెండింటికీ సర్దుకునే వీలుంటుంది.

పక్క తలుపుది మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి యూరో సిలిండర్. ఇక్కడ మీ ఇంట్లోవాళ్ల వాదన అవసరమే లేదు. తాళం పెట్టె తలుపులోనే ఉంటుంది, సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు, రీకీ కంటే అదే సుళువు. తలుపు తెరిచి పెట్టి, అంచున తాళం పలక మీద ఉన్న పొడుగు స్క్రూ విప్పి, చెవి పెట్టి కొద్దిగా, ఒక పది పదిహేను డిగ్రీలు తిప్పితే మధ్యలో ఉన్న నాలుక ముక్క లోపలికి సర్దుకుంటుంది, సిలిండర్ మొత్తం బయటికి జారుతుంది. ఆ స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు వైపులా విడివిడిగా కొలవండి, 35, 45 మిల్లీమీటర్లు అలా వస్తుంది. బయటికి ఏది, లోపలికి ఏది అన్నది రాసుకోండి, తారుమారు చేసి కొంటే సరిపోదు.

మీది ఒక సెంటీమీటరు పొడుచుకు వచ్చిందన్నారు, అది నాకు నచ్చలేదు. ఆ సిలిండర్ మధ్యలో స్క్రూ రంధ్రం దగ్గర లోహం బాగా పలచగా ఉంటుంది. బయటికి వచ్చిన మొనని పట్టుకుని విరిస్తే అక్కడ పుటుక్కుమంటుంది, ఇక తాళం పెట్టె లోపలి భాగాన్ని వేలితోనే తిప్పి గడియ తీయచ్చు. పలకతో సమానంగా గానీ, మహా అయితే 3 మిల్లీమీటర్లు గానీ ఉండాలి. విరవడాన్ని తట్టుకునే రకం అని అడిగి తీసుకోండి, వాటికి బయటివైపు ముందే గాటు ఉంటుంది, విరిస్తే ముందు ముక్క మాత్రమే ఊడుతుంది, మిగతాది తాళాన్ని పట్టుకునే ఉంటుంది.

నలుగురంమేము:
లోపలివైపు కూడా చెవితోనే తీసే రకం తీసుకోవాలా, లేక చేత్తో తిప్పే మీట ఉన్నది తీసుకోవాలా? మా తలుపుకి గాజు ఉంది, గాజు పగలగొట్టి చెయ్యి పెడితే మీట తిప్పేస్తారని మా వారు లోపల కూడా చెవే అంటున్నారు.

తాళాలమేస్త్రి:
ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దయచేసి మీటే పెట్టండి. నిప్పు అంటుకుంటే, పొగలో, చీకట్లో, చెవి ఎక్కడుందో వెతికే టైమ్ ఉండదు. గాజు భయం ఉంటే గాజుకి లోపల జాలీ పెట్టించండి, పొరల గాజు వేయించండి, తలుపుని మాత్రం లోపలివాళ్లకి బోనుగా మార్చకండి. మీట ఉంటే ఇంకో లాభం, లోపల చెవి ఇరుక్కుని బయటి చెవి దూరని గొడవ ఉండదు. చాలా యూరో సిలిండర్లలో లోపల చెవి వదిలేస్తే బయటినుంచి తీయలేరు, వృద్ధులు లోపల పడిపోయినప్పుడు తలుపు బద్దలుకొట్టాల్సి వస్తుంది. నేను వెళ్లాను అలాంటి ఇళ్లకి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నలుగురంమేము:
మీటే పెట్టిస్తాను. మా అత్తగారు పగలంతా ఒక్కరే ఉంటారు.

ఇంటిపని_నేనే:
శారద గారి తమ్ముడు తనే రీకీ చేస్తానంటే ఒక మాట. కిట్లు దొరుకుతాయి, నేను మా ఇంట్లో చేశాను, కష్టం కాదు కానీ ఓపిక కావాలి. ప్లగ్‌ని వట్టి చేత్తో లాగకూడదు, లాగితే పైనున్న స్ప్రింగులూ పిన్నులూ ఒక్కసారిగా బయటికి ఎగురుతాయి, ఆవగింజంత ఉంటాయి, నేల మీద పడితే దొరకవు. ప్లగ్ అంత లావున్న గుండ్రటి కడ్డీ ఒకటి కిట్‌లో ఉంటుంది, ప్లగ్‌ని దాంతో వెనకనుంచి తోస్తూ బయటికి తీయాలి, అప్పుడు పై పిన్నులు కడ్డీ మీద ఆగుతాయి. కింద తువ్వాలు పరుచుకోండి. పిన్నులు మార్చాక కొత్త చెవి పెట్టి చూస్తే పిన్నుల తలలు ప్లగ్‌తో సమానంగా ఉండాలి, గోరు పెట్టి రాస్తే తగలకూడదు. తాళం బిగించాక తలుపు తెరిచి ఉంచే పరీక్షించండి, మూసి పరీక్షిస్తే బయట ఉండిపోతారు.

లివర్ తాళాలకి ఇది పనికిరాదు, లావుగా, పొడుగ్గా, చివర జెండా లాంటి ముక్క ఉన్న చెవులు ఉంటాయి చూడండి, అవి. వాటిలో పిన్నులు ఉండవు, పలకలు ఉంటాయి. ఆ పలకలు మార్చాలి లేదా వరుస మార్చి కొత్త చెవి కోయాలి, అది తెలిసినవాళ్లకే ఇవ్వండి.

శారద_కొత్తిల్లు:
మా తమ్ముడు ఇది చదివి మేస్త్రినే పిలుద్దాం అక్కా అన్నాడు.

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు తలుపు పై బందుకి పొడుగు స్క్రూ ఎక్కించాం, తలుపు నిజంగానే లేచింది, ఇప్పుడు చిటికెన వేలితో తిరుగుతోంది చెవి. ఆ పాత ఇత్తడి తాళాన్నే రీకీ చేయించాం, పై పిన్నులు రీలు రకం వేయమని అడిగితే మేస్త్రి ఆశ్చర్యపోయి "మీకెవరు చెప్పారండీ" అన్నాడు. పాత చెవితో నేనే తిప్పి చూశాను, చెల్లి రాసింది గుర్తొచ్చింది. వెనక తలుపుకి డెడ్‌బోల్ట్ పెట్టించాం, రేకుకి నాలుగూ పొడుగు స్క్రూలే. పక్క తలుపుకి కొత్త సిలిండర్, లోపల మీట ఉన్నది, బయట పలకతో సమానంగా ఉంది. మా ఆయన కూడా సంతోషించారు, మూడిట్లో రెండు కొత్తవే కదా.

మొత్తం ఎనిమిది చెవులు. ఏది ఎవరి దగ్గరుందో ఒక పుస్తకంలో రాసి పెట్టాను. చెవి మీద మాత్రం ఇంటి నంబరు రాయలేదు.

రెండిళ్లఓనరు:
ఆ పుస్తకం మంచి పని. ఎవరికైనా ఇచ్చినప్పుడు తేదీ వేయండి, తిరిగి తీసుకున్నప్పుడు కొట్టేయండి.

శారద_కొత్తిల్లు:
ఇవాళ జరిగింది చెప్పి తీరాలి. దిగి నాలుగు రోజులైంది. పొద్దున వెనక వీధి పెద్దావిడ వచ్చారు, చేతిలో ఎర్ర దారం కట్టిన తాళంచెవి. "పాతవాళ్లు ఊరికెళ్లినప్పుడు మొక్కలకి నీళ్లు పోయమని ఇచ్చారమ్మా, ఆరేళ్లుగా మా సొరుగులోనే ఉంది, ఇక నీదే" అని చేతిలో పెట్టారు. ఎంత మంచి మనిషో. ఆవిడ వెళ్లాక ముందు తలుపులో పెట్టి చూశాను. చివరిదాకా సాఫీగా దూరింది. తిప్పితే తిరగలేదు.

తాళాలమేస్త్రి:
అమ్మినవాళ్లకి అది అసలు గుర్తే లేదు చూడండి. ఆవిడ కాబట్టి తెచ్చి ఇచ్చింది. ఇంకొన్ని ఎక్కడైనా ఉన్నా సరే, ఉండనివ్వండి.